బంగారు పూత కింద గిట్ట

కనకఖుర పట్టణం తూర్పు వాకిట నిలబడి రాకుమారి మైలాంబ మాచన చేత ఏడోసారి ఒట్టు వేయించుకుంది.

"చెప్పు. లోపల ఏ గుర్రం కనబడినా ఏమంటావు?"

"ఆహా అంటాను."

"ఇంకా?"

"ఇంకేమీ అనను తల్లీ."

"తల్లీ కాదు, అక్కా! మనం మూలికలమ్ముకునే అక్కాతమ్ముళ్ళం. నువ్వు కమ్మరివని గానీ, ఆ సంచిలో పటకారూ ఉలీ ఆకురాయీ ఉన్నాయని గానీ బయటపడిందా, మనిద్దరి పనీ అయిపోయినట్టే."

"సరే అక్కా," అన్నాడు మాచన. ఆమె ముఖం చూడలేదు. అతని చూపు అప్పటికే ద్వారపాలకుడి గుర్రం కాళ్ళ మీద పడింది.

అదీ అతని జబ్బు. గుర్రాలకు లాడాలు కొట్టి బతికే మాచనకు సొంత గుర్రం ఏనాడూ లేదు. ఎదుటివాళ్ళ గుర్రాల కాళ్ళ గురించిన దిగులు మాత్రం గంపల కొద్దీ ఉంది. మనుషుల్ని ముఖం చూసి పోల్చుకోవడం అతనికి చేతకాదు. సంతలో సొంత మేనమామ ఎదురైనా ముందు మేనమామ గుర్రాన్ని గుర్తుపట్టి, "దీనికి గిట్ట చెక్కించి ఎన్నాళ్ళయింది మామా?" అని అడిగాకే బాగున్నావా అనేవాడు. ఒకసారి పిల్లను చూడ్డానికని వెళ్ళి, పిల్ల వచ్చి కూర్చుని లేచి వెళ్ళిపోయిన సంగతి కూడా తెలియకుండా, పెరట్లో పిల్ల తండ్రి గుర్రం కింద దూరి ఉన్నాడు. ఆ సంబంధం అంతటితో సరి.

అలాంటివాణ్ణి వెంటబెట్టుకుని రావలసిన అవసరం రాకుమారికి ఎందుకు పట్టిందంటే, మూడుకొండల రాజ్యంలో ధైర్యంగా ముందుకొచ్చినవాడు అతనొక్కడే.

ఆ రాజ్యాన్ని ఏలే నాగాంబ మహారాణి మైలాంబకు కన్నతల్లి. రాజముద్రిక ఇమ్మని వచ్చిన ధూమకర్ణుడనే మాంత్రికుణ్ణి ఆమె "ముందు కాళ్ళు కడుక్కుని రా" అన్నది. వాడు ఆమె కళ్ళలోకి కళ్ళు పెట్టి చూశాడు. కంటికి కన్ను కలిస్తేనే వాడి మంత్రం పారుతుంది. కలిసింది. ఆమె పాదాలు రాయి అయ్యాయి. వాడు ఆమెను తీసుకుపోయి పటికకొండ మీద నిలబెట్టాడు. రోజుకొక జానెడు చొప్పున ఆ రాయి పైకి పాకుతోంది. ఈ సాయంత్రం పొద్దు గుంకేసరికి గొంతు దాటుతుంది. దాటిందా, ఇక ఆమె శిలే.

విరుగుడు మైలాంబ చంకలో ఉంది. ఎన్నో అగచాట్లు పడి పాతాళ గుహలోంచి తెచ్చిన జీవధార నీళ్ళు, చిన్న సొరకాయ బుర్రలో. కానీ పటికకొండకు ఆరామడల చవుటి మైదానం అడ్డం. కాలినడకన మూడు రోజులు. మంచి గుర్రమైతే పొద్దుండగానే చేరుతుంది. మంచి గుర్రాలంటే ఏడు రాజ్యాలకూ తెలిసిన పేరు కనకఖురం! అక్కడి మూడువందల బంగారు గిట్టల గుర్రాల మీద పాటలున్నాయి, పటాలున్నాయి, పడుచుల పమిటల మీద అద్దకాలున్నాయి.

వెనక ధూమకర్ణుడు తరుముకొస్తున్నాడు. ఏ ఊరికి వెళ్ళినా వాడు ముందు కమ్మరి కొలిమి ఆర్పించి, తర్వాతే మిగతా ఘోరాలు మొదలుపెడతాడు. ఎందుకో ఎవరికీ అంతుపట్టదు. మాచన కొలిమినీ అలాగే ఆర్పించాడు. మొన్న వాగు దాటేటప్పుడు, తమ కోసం గాలిస్తూ అటు తిరిగిపోయిన వాడి గుర్రం అడుగులు ఇసుకలో చూసి మాచన అక్కడే కూలబడ్డాడు.

"మూడు గిట్టలు లోతుగా దిగాయి. కుడి ముందుది ఆనీ ఆననట్టుంది. పాపం, అందులో ఏదో దిగబడింది."

"మన గొంతులు కోయడానికి వస్తున్నవాడి గుర్రమయ్యా అది!"

"వాడు చెడ్డవాడైతే దాని కాలేం చేసింది?"

మైలాంబ అతని రెక్క పట్టి లేపి వాగు దాటించింది.

*

హేమాంగద మహారాజు కొలువు చూడడానికి రెండు కళ్ళూ చాలవు. స్తంభానికొక నెమలి, నెమలికొక ముత్యాల ముక్కెర. పైన పట్టు పందిరి, కింద పూల తివాచీ. తివాచీ మీద వరసగా గుర్రాలు. మెడలో కాసులపేర్లు, నుదుట సూర్యకాంతపు రాళ్ళు, జూలు జూలుకూ జాజిపూల జడలు. వీపుల మీంచి నేల దాకా జీరాడే ముఖమల్ గుడ్డలు. ముందు వైపు మాత్రం ఆ గుడ్డ కాస్త పైకి కట్టి, బంగారు గిట్టలు అందరికీ కనబడేలా ఉంచారు. ఒక్కొక్క గిట్ట గుమ్మడికాయంత!

గంధం గుప్పుమంటోంది. ఆ గంధం కింద ఇంకో వాసన ఉంది. మాచన ముక్కుపుటాలు అదిరాయి.

ఆ రాజ్యం ఆచారం ఇది. ప్రతి పండుగకూ గుర్రం గిట్టకు పసుపు రాసి, దాని మీద లక్క పూసి, ఆపైన బంగారు రేకు అతికిస్తారు. పాతది తీయరు. తీస్తే తాతలు చేసిన పూజ తుడిచేసినట్టట. ఇక గుర్రం కాలు ఎత్తి చూడడమా, ఇంకా నయం! రాజుగారి గుర్రం కాలు పట్టుకున్నవాడు రాజుగారి కాలు పట్టి లాగినవాడితో సమానం. అందుకని ఆ రాజ్యంలో మూడు తరాలుగా ఎవరూ గిట్ట అడుగు చూసిన పాపాన పోలేదు. చూడకపోతేనేం, దాని శాస్త్రం చెప్పడానికి ఖురాచార్యులవారున్నారు. గిట్టల మీద నాలుగువందల పద్యాలు చెప్పిన దిట్ట. జన్మలో ఒక్క గుర్రాన్నీ ముట్టుకోలేదు. ముట్టుకుంటే తుమ్ములొస్తాయి.

"మూలికల పిల్లా, నీ వినయం మాకు నచ్చింది," అన్నాడు మహారాజు. "గుర్రం కావాలన్నావు, ఇచ్చాం. మా వాడుక ప్రకారం నీ తమ్ముడు గిట్టకు మొక్కి, దాని సొగసు నలుగురిలో పొగడాలి. అంతే."

"అంతేనా ప్రభూ!" అని మైలాంబ సంతోషం పట్టలేక మాచన డొక్కలో పొడిచింది. "అను తమ్ముడూ."

మాచన ముందుకు వెళ్ళి వంగి మొక్కాడు. గిట్టను చూశాడు.

"ఆ..." అన్నాడు.

మైలాంబ మళ్ళీ డొక్కలో పొడిచింది.

"ఆ..." అన్నాడు మళ్ళీ. 'హా' మాత్రం గొంతులోనే చిక్కుకుపోయింది. అతని ముఖం జేవురించింది. "ఆ నిలబడ్డం చూడండయ్యా! బరువంతా మడమల మీద మోపి ఎట్లా వెనక్కి వాలిపోయిందో! దాన్ని మేపుతున్నారా, ధాన్యపు బస్తాలా కూరుతున్నారా? కుడి ముందు గిట్ట లోపల కుళ్ళి కంపు కొడుతుంటే పైన గంధం చల్లుతారా? దీనికి గిట్ట చెక్కించి ఎన్నాళ్ళయింది?"

కొలువులో నెమళ్ళు కూడా పురులు ముడుచుకున్నాయి.

"ఆచార్యా, ఏమిటి వీడు కూసేది?" అన్నాడు మహారాజు.

ఖురాచార్యులు చిరునవ్వు నవ్వాడు. "వెనక్కి వాలడం రాజసలక్షణం మహాప్రభూ, నా మూడో అధ్యాయంలో ఉంది. ఆ వాసన పేరు ఖురసౌరభం. జాతి గుర్రాలకే వస్తుంది."

"జాతి గుర్రాలకే వస్తే మీరు ముక్కుకు పైపంచె ఎందుకు కట్టుకున్నారు సామీ?" అన్నాడు మాచన.

అంతే. మహారాజు సింహాసనం మీంచి లేచాడు. "గుర్రాన్ని కుంటిదన్నవాడు గుర్రమై పోవాలి! ఇదీ మా చట్టం. వీణ్ణి గుడ్డ కిందికి తొయ్యండి. వీడి అక్కకు గిట్టలకు గంధం చల్లే పని ఇవ్వండి, బతికినన్నాళ్ళూ!"

మైలాంబ గంధపు గిన్నె అందుకుంటూ పళ్ళు నూరింది. "ఒక్క హా! ఒకే ఒక్క అక్షరం! మా అమ్మ అక్కడ రాయవుతుంటే నీకు హా అనడానికి నోరు రాలేదా?"

"వచ్చేదే అక్కా. గుర్రం నా వైపు చూసింది," అన్నాడు మాచన తల వంచుకుని.

భటులు అతన్ని ముఖమల్ గుడ్డ ఎత్తి రాజుగారి గుర్రం కిందికి తోశారు.

లోపల చీకటి. కళ్ళు అలవాటు పడ్డాక మాచన నోరు తెరిచాడు. గుర్రం నేల మీద నిలబడి లేదు. ముందు అంచు కనబడకుండా పూలదండలు కప్పిన చక్రాల పీట మీద నిలబడి ఉంది. కదలకుండా దాని కడుపు కింద మెత్తని పట్టు పట్టీలు. పీట వెనక వంగి, చేతులు ఆనించి, చెమటలు కక్కుతూ నలుగురు మనుషులు.

"కొత్తగా వచ్చావా అబ్బాయ్?" అన్నాడు ఒక ముసలాయన, పక్కకు జరిగి చోటిస్తూ. "నా పేరు కుమ్మరి బయ్యన్న. నువ్వేమన్నావేంటి?"

"కుడి ముందు గిట్ట కుళ్ళిందన్నాను."

"నేను ఎడమదన్నాను. వీడు వెనకది అన్నాడు. ఆ మూల వాడు పాపం, కాస్త నలతగా ఉన్నట్టుంది అన్నాడంతే."

"మిగతా గుర్రాల కింద?"

"అన్నిటి కిందా అంతే. ఇంతింత కాళ్ళేసుకుని అవి ఎక్కడ నడుస్తాయయ్యా? మేమే నెడతాం. ఊరేగింపులో జనమంతా అబ్బా ఎంత మెత్తగా నడుస్తున్నాయో అనుకుంటారు."

మాచనకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఈ ఊళ్ళో నేల మీద నడిచే గుర్రం ఒక్కటి కూడా లేదా తాతా?"

"ఒకటుంది. ఎర్ర ఆడగుర్రం, దాని పేరు గయ్యాళి. గిట్టకు లక్క పూయవచ్చినవాణ్ణి తన్నింది. తర్వాతవాణ్ణీ తన్నింది. మూడోసారి ఖురాచార్యులుగారు దూరం నుంచి పద్యం చదివితే, తాడు తెంపుకొచ్చి మరీ తన్నింది. అపశకునపు జంతువని వెళ్ళగొడితే నేను తెచ్చుకుని మట్టి మోయించాను. ఉత్తర వాకిలి బయట నేను కుండలు కాల్చే ఆవం పక్కన మా ముసల్ది మేత వేస్తోంది."

మాచన కళ్ళు మెరిశాయి.

*

సరిగ్గా అప్పుడే తూర్పు బురుజు మీద నగారా మోగింది. ధూమకర్ణుడు నల్లగుర్రమెక్కి, రెండువందల మంది రౌతులతో కోట కింద గడ్డి బయలులో దిగాడు. "సొరకాయ బుర్ర పట్టుకున్న పిల్లనూ, ఆమె వెంట ఉన్నవాణ్ణీ నాకు అప్పగించండి. లేకపోతే కోటంతా రాయి చేస్తాను," అని వాడి కేక.

ఇలాంటి మాట వింటే హేమాంగద మహారాజుకు రోషం ముంచుకొస్తుంది. ముప్పయ్యేళ్ళుగా ఆయన యుద్ధం చూడలేదు. చూడనివాళ్ళకు యుద్ధమంటే మహా సరదా. కవచం తొడిగి, నిచ్చెన వేయించుకుని, తన గుర్రమెక్కాడు. సామంతులంతా ఎక్కారు. ఖురాచార్యులు పద్యం ఎత్తుకున్నాడు. "గుర్రపుదండు! కదలండి!"

గుడ్డల కింద పన్నెండువందల మంది మూలిగి ఒక్కసారి నెట్టారు. బంగారు దండు బయలుదేరింది. గర్రుగర్రుమనే చక్రాల చప్పుడు వినబడకుండా బాకాలు ఊదించారు. తూర్పు వాకిలి దాటింది. దాటాక అంతా ఏటవాలు.

"ఈ వాలులో ఎప్పుడూ వెనక్కి లాగి పట్టుకోవాలి అబ్బాయ్," అన్నాడు బయ్యన్న వగరుస్తూ. "మూడేళ్ళుగా లాగి పడుతున్నాం."

"కింద ఏముంది తాతా?"

"మేడలంత ఎత్తున గడ్డివాములు."

"మెత్తనివేనా? గుర్రాలకు దెబ్బ తగలదు కదా?"

"తగలదు."

"అయితే పట్టుకోవడం మానేద్దాం."

బయ్యన్న గుడ్డ అంచు ఎత్తి పక్క పీటవాళ్ళకు సంగతి అందించాడు. తర్వాత ఆ మాట గుడ్డ నుంచి గుడ్డకు, పీట నుంచి పీటకు పాకిపోయింది. పన్నెండువందల జతల చేతులు హాయిగా వదిలేశాయి.

అప్పుడు చూడాలి! మూడువందల గుర్రాలు, కాళ్ళు కదపకుండా, చెవులు కదపకుండా, జాజిపూల జడలు గాలికెగురుతుండగా, వాలు మీద ఝామ్మని జారుకొచ్చాయి. ముందు మహారాజు కత్తి ఎత్తి పట్టుకుని, "ఆపండి! ఎవరక్కడ! ఆపండి!" అని అరుస్తున్నాడు. ధూమకర్ణుడి రౌతులు ఎన్నో మాయలు చూసినవాళ్ళే గానీ, అడుగు వేయకుండా పరుగెత్తుకొచ్చే గుర్రాల్ని ఏనాడూ చూడలేదు. "బాబోయ్, మన దొరను మించిన మాంత్రికుడు!" అని కకావికలై పారిపోయారు. వాళ్ళను వెనక్కి తిప్పబోయి ధూమకర్ణుడూ వాళ్ళ వెంట పడ్డాడు. బంగారు దండు గడ్డివాముల్లోకి దూసుకుపోయి ఆగింది. మహారాజు ఒక వాములో తలకిందులుగా దిగబడ్డాడు. పట్టీలు తెగిన గుర్రాలు గడ్డిలో ఒరిగి, ఎన్నేళ్ళ తర్వాతో కాళ్ళు చాపుకుని కళ్ళు మూసుకున్నాయి.

మాచన వాలు నడుమనే గుడ్డ కిందనుంచి దొర్లి, గంధపు గిన్నెతో దండు వెంట వస్తున్న మైలాంబ చెయ్యి పట్టుకుని ఉత్తర వాకిలి వైపు పరుగు తీశాడు.

"తాతా, నేను తిరిగొచ్చి అన్నిటికీ గిట్టలు చెక్కుతాను!" అని వెనక్కి కేక వేశాడు.

"ముందు మా అమ్మ!" అంది మైలాంబ.

ఆవం పక్కన గయ్యాళి నిలబడి ఉంది. జడల్లేవు, కాసులపేర్లు లేవు. ఒళ్ళంతా మట్టి చారలు. మాచన చేతిలో కుంచె లేదని ఒకటికి రెండుసార్లు చూసుకుని, అప్పుడు తానే కాలు అందించింది. గిట్ట గుండ్రంగా, గట్టిగా, తోమిన రాగిచెంబులా శుభ్రంగా ఉంది. బంకమట్టీ గులకరాళ్ళూ తొక్కి తొక్కి తనంతట తానే అరిగి కుదిరిన గిట్ట. మాచన కళ్ళు చెమర్చాయి.

"ఆహా!" అన్నాడు.

"ఇప్పుడొచ్చిందా నీ ఆహా?" అని అతని జుట్టు పట్టి లేవనెత్తింది రాకుమారి.

*

చవుటి మైదానం వెండి పళ్ళెంలా మెరుస్తోంది. ఉప్పు పెంకులు చిట్లుతూ గయ్యాళి గాలిలా పోతోంది. జాము గడిచింది, రెండు జాములు గడిచాయి. దూరాన పటికకొండ కొన మెరిసింది. కానీ పొద్దు పడమట రెండు బారల ఎత్తుకు దిగింది. గయ్యాళి ఊపిరి బరువెక్కింది. వెనక నల్లటి చుక్కొకటి పెద్దదవుతోంది. మూడు దెబ్బలు గట్టిగా, నాలుగోది మెత్తగా పడుతున్న అడుగుల చప్పుడు.

"ధూమకర్ణుడు!" అంది మైలాంబ.

మాచన ఉన్నపళాన కిందికి దూకాడు.

"ఏయ్, పిచ్చివాడా! ఎక్కు!"

"ఇద్దరి బరువుతో ఇది పొద్దుకి చేరదమ్మా. నువ్వు పో. దీని గిట్టలు బంగా... కాదులే, మంచివి. చేరాక చెమట ఆరనిచ్చి నీళ్ళు పెట్టు. గిట్టల్లో ఉప్పు ఉంటుంది, తీసెయ్."

"మా అమ్మ రాయవుతుంటేనా?"

"ఆమెకు పోశాకే తియ్యి!" అని గయ్యాళి పిర్ర మీద ఒక్కటి చరిచాడు.

ఎర్ర గుర్రం తేలికై ఎగిరిపోయింది. మాచన సంచి విప్పి, పటకారు చేత్తో పట్టుకుని, దారికి అడ్డంగా నిలబడ్డాడు.

నల్లగుర్రం వచ్చి అతని ముందు ఆగింది. దాని మీద పొగలాంటి అంగీ, పొగలాంటి గడ్డం, నిప్పుకణికల్లాంటి కళ్ళు. ఆ కళ్ళు మాచన చూడనేలేదు. అతను చూస్తున్నది కుడి ముందు కాలు.

"తల ఎత్తు!" అని గర్జించాడు ధూమకర్ణుడు. "నా కళ్ళలోకి చూడు!"

"ఉండవయ్యా, ముందు దీన్ని చూడనీ."

"నేనెవరో తెలుసా?"

"వాగు దగ్గరే తెలిసింది. నీ గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తోంది."

మాంత్రికుడు కొరడా ఎత్తాడు. అంతలో మాచన వంగి గుర్రం పిక్క వెనక రెండు వేళ్ళతో తట్టి, "ఊఁ, కాలు!" అన్నాడు. ఒక్కసారైనా కమ్మరి చేతికి కాలిచ్చిన గుర్రం ఆ మాట చచ్చేదాకా మరవదు. నల్లగుర్రం ఠక్కున కాలెత్తి ఇచ్చేసింది. కొరడాతో కొట్టబోయిన ఊపుకు మాంత్రికుడు పట్టు తప్పి ఉప్పులో వెల్లకిలా పడ్డాడు.

మాచన గిట్టను రెండు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, వాడికి వీపు పెట్టి, ఉలితో గీకసాగాడు. లేవబోయిన మాంత్రికుడు ఎందుకో ఉలి పోటు పోటుకూ మళ్ళీ కూలబడుతున్నాడు. బురద, పేడ, ఉప్పు, ఏళ్ళ తరబడి గడ్డకట్టిన మకిలి. అది ఊడి పడగానే అడుగున మెత్తని మాంసంలో దిగిన నల్లటి మేకొకటి కనబడింది. వేడిగా ఉంది. దాని తల, గుండె కొట్టుకున్నట్టు, లయగా అదురుతోంది.

మాచన దాన్ని పటకారుతో పట్టుకున్నాడు.

వెనక నుంచి ప్రాణం పోతున్న కేక. "వద్దు! ముట్టుకోకు!"

కొలిములు ఎందుకు ఆర్పించాడో మాచనకు అప్పుడు అర్థమైంది. ఏడు రాజ్యాల్లోనూ ఎవరూ తొంగిచూడని చోటు ఎక్కడుందో వెతికి, ఈ పాపిష్టివాడు తన ప్రాణాన్ని గుర్రం గిట్టలో దాచుకున్నాడు. అక్కడ చూసే వాళ్ళంటూ లోకంలో ఉంటే ఒక్క కమ్మరులే.

"అది ఊడితే నేనుండను," అన్నాడు ధూమకర్ణుడు. వాడు లేవలేకపోతున్నాడు. వేళ్ళు ఉప్పును గీరుతున్నాయి. "నేను లేకపోతే పటికకొండా ఉండదు. కరిగి నీరవుతుంది. చూడు, నీ రాకుమారి ఇప్పుడే కొండెక్కుతోంది. లాగు, చూద్దాం! లేదా తలెత్తి నా వైపు చూడు, ఆమెను బతకనిస్తాను!"

మాచన తల ఎత్తలేదు. గుర్రం కాళ్ళ సందులోంచి ఉత్తరానికి చూశాడు. పటికకొండ పాదం దగ్గర ఎర్రటి చుక్క ఆగింది. దాని మీంచి ఇంకో చిన్న చుక్క విడిపోయి పైకి పాకుతోంది. పొద్దు బారెడుంది. ఆమె ఎక్కాలి. నీళ్ళు పోయాలి. తల్లిని పట్టుకుని దిగాలి. అంతదాకా మేకు వదలకూడదు, పెరకకూడదు.

అతను పటకారు బిగించి గోరంత లాగాడు. ధూమకర్ణుడు కీచుమన్నాడు. గుర్రం మాత్రం నిట్టూర్చి, తన బరువు కాస్త మాచన భుజం మీద వాల్చింది.

"నెమ్మదిగా... నెమ్మదిగా..." అని వేడుకున్నాడు ఏడు రాజ్యాలను వణికించిన మాంత్రికుడు.

"నెమ్మదిగానే లాగుతా. నీ కోసం కాదులే, గొడ్డుకు నొప్పి పుడుతుంది," అన్నాడు మాచన. పొద్దును ఒకసారి, కొండను ఒకసారి చూసుకుని, మళ్ళీ గోరంత లాగి, తీరుబడిగా అడిగాడు.

"అది సరే గానీ అయ్యా, దీనికి గిట్ట చెక్కించి ఎన్నాళ్ళయింది?"